కొత్త ఎడిషన్ ఎవరికి కావాలి?

1981లో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట బేసిక్ రూల్స్ పుస్తకం చేతికి దొరికితే ఈ సాయంత్రమే నలుగురు కూర్చుని ఆడుకోవచ్చు. సర్వర్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పాచికలు, పెన్సిళ్లు, నాలుగు కాగితాలు ఉంటే చాలు. నలభై ఏళ్లు దాటినా అందులో ఒక్క రూల్ కూడా తుప్పు పట్టలేదు. మరి అదే పేరుతో 1989లో ఒకటి, 2000లో ఒకటి, 2003లో ఇంకొకటి, ఆ తర్వాత 2008, 2014, 2024... ఇన్నిసార్లు పుస్తకాలు తిరగరాయాల్సిన పనేముంది?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా వాదన రెండు గట్లకు చేరిపోతుంది. డబ్బు కోసమే చేస్తున్నారని కొందరు, ఆట ఎదగాలి కదా అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. చిక్కంతా 'ఎడిషన్' అనే ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు చాలా జరుగుతుండటంలో ఉంది. అచ్చుతప్పులు దిద్దడం, పుస్తకాన్ని చదవడానికి వీలుగా సర్దడం, రూల్స్ మార్చడం, కథా ప్రపంచాన్ని మార్చడం, లైసెన్సు గొడవల నుంచి బయటపడటం, అమ్మకాలు పెంచుకోవడం, అన్నీ అందులోకే వస్తాయి. నా ఉద్దేశంలో ఆటకి కొత్త ఎడిషన్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటే: పుస్తకంలో రాసి ఉన్న ఆటా, జనం టేబుల్ చుట్టూ కూర్చుని ఆడుతున్న ఆటా వేరువేరైపోయినప్పుడు. మిగతా కారణాలతో వచ్చే ఎడిషన్లలో మంచివీ ఉన్నాయి. అయితే ఆ అవసరం ఆటది అవదు, ఇంకెవరిదో అవుతుంది.

ఈ ఆటలు ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం రెండు మాటలు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఒకరు గేమ్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "గోడెక్కి అవతలికి దూకుతాను" అని ఆటగాడు అంటే, అది అవుతుందో లేదో కొంత పాచికలు, కొంత రూల్స్, కొంత గేమ్ మాస్టర్ విచక్షణ కలిసి తేలుస్తాయి. చదరంగంలో రూల్స్‌లో లేనిది జరగనే జరగదు. ఇక్కడ రూల్స్‌లో లేనిదే ఎక్కువ జరుగుతుంది. ఒకడు నూనె పీపాకి నిప్పు పెడతానంటాడు, ఇంకొకడు కాపలావాడికి లంచం ఇస్తానంటాడు. పుస్తకం ఏమీ చెప్పకపోయినా అక్కడికక్కడ ఏదో ఒకటి తేల్చాలి. ఆ తీర్పునే వచ్చే వారం కూడా వాడితే అది హౌస్ రూల్. ఏడాది పాటు కలిసి ఆడిన ఏ గుంపుకైనా తమకంటూ ఒక సొంత ఎడిషన్ తయారై ఉంటుంది. చాలామంది దాన్ని గమనించరు కూడా.

ఇది మొదటి రోజు నుంచీ ఉన్నదే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొట్టమొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలు. యుద్ధం రూల్స్ కోసం చెయిన్‌మెయిల్ అనే వేరే ఆట చూసుకోమని అందులో చెప్పారు. అది వద్దనుకునేవాళ్లకి ప్రత్యామ్నాయంగా ఇరవై ముఖాల పాచికతో ఇంకో పద్ధతి కూడా ఇచ్చారు. ఆడేవాళ్లు ఆ ప్రత్యామ్నాయాన్నే పట్టుకున్నారు. తర్వాత వచ్చిన ఎడిషన్లన్నిటికీ అదే పునాది అయింది. పుస్తకం ఒక దారి చూపిస్తే టేబుల్ ఇంకో దారిన పోయింది, చివరికి పుస్తకమే టేబుల్ వెంట నడిచింది. మంచి ఎడిషన్లన్నిట్లోనూ ఈ కదలికే కనిపిస్తుంది.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే థాకోని మించిన ఉదాహరణ లేదు. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ఎడిషన్ 1989లో వచ్చింది. అందులో ప్రతి పాత్రకీ థాకో అనే అంకె ఉండేది. శత్రువు కవచం విలువ సున్నా అయితే దెబ్బ తగలడానికి పాచిక మీద ఎంత పడాలో చెప్పే అంకె అది. కవచం విలువ తగ్గేకొద్దీ రక్షణ పెరుగుతుంది. 10 అంటే ఒంటిమీద ఏమీ లేదు, 3 అంటే గట్టి ఇనప కవచం, అక్కడి నుంచి ఇంకా దిగి మైనస్‌లోకి కూడా పోతుంది. ఇప్పుడు మీ పాత్ర థాకో 17, శత్రువు కవచం 3 అనుకోండి. 17లోంచి 3 తీసేస్తే 14. పాచిక మీద 14 గానీ ఆపైన గానీ పడాలి. శత్రువు కవచం మైనస్ 2 అయితే? 17లోంచి మైనస్ 2 తీసేయాలి, అంటే కలపాలి, 19 పడాలి. మీ కత్తికి మాయాశక్తి ఉంటే దాని బోనస్ పాచికకి కలుస్తుంది. శత్రువు డాలుకి ఉంటే ఆ బోనస్ కవచం అంకెని కిందికి దించుతుంది. ప్లస్ అని రాసి ఉన్న వస్తువు ఒకచోట అంకెని పెంచుతుంది, ఇంకోచోట తగ్గిస్తుంది.

2000లో మూడో ఎడిషన్ ఈ లెక్కని తిరగేసింది. కవచం అంకె ఎంత పెద్దదైతే రక్షణ అంత ఎక్కువ. పాచిక వేయండి, మీ బోనస్ కలపండి, కవచం అంకెకి సమానమైనా, దాన్ని దాటినా దెబ్బ తగిలినట్టే. పాత 17 థాకో కొత్త లెక్కలో ప్లస్ 3 అవుతుంది, పాత కవచం 3 కొత్త లెక్కలో 17 అవుతుంది. ఎంత పడాలి? 14 పడితే 3 కలిసి 17. అప్పుడూ 14, ఇప్పుడూ 14. ఇరవైలో ఏడు ముఖాలు, 35 శాతం అవకాశం. ఆటలో ఏమీ మారలేదు, ఆడేవాళ్ల బుర్రలో తీసివేత ఒకటి పోయింది. ఒక్క పోరాటంలో పదుల సార్లు వేసే పాచిక కదా, ప్రతిసారీ మిగిలే ఆ కాస్త టైమ్ చిన్నది కాదు. కొత్తగా వచ్చినవాళ్లు పక్కవాళ్లని అడక్కుండా తమ దెబ్బ తగిలిందో లేదో తామే చెప్పగలగడం ఇంకా పెద్ద సంగతి.

అయితే ఈ ఒక్క మార్పు కోసం ఆటంతా మార్చాలా అంటే, అక్కర్లేదు. 2019లో గావిన్ నార్మన్ తెచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ చూడండి. 1981 నాటి రూల్స్‌నే తీసుకుని, వాటి జోలికి పోకుండా పుస్తకాన్ని కొత్తగా సర్దింది. ఒక విషయానికి సంబంధించిందంతా వీలైనంతవరకు ఎదురెదురు పేజీల్లో ఉంటుంది, వెతుక్కునే పని లేదు. కవచం అంకె పైకి పెరిగే లెక్క కావాలనుకున్నవాళ్లకి అదీ ఐచ్ఛికంగా ఇచ్చింది. పాత రూల్స్‌ని పాతకాలపు గందరగోళమంటూ పక్కన పెట్టేసినవాళ్లు ఈ పుస్తకం చూశాక మనసు మార్చుకోవడంలో వింత లేదు. వాళ్లకి అడ్డుపడింది రూల్స్ కన్నా వాటిని చెప్పిన తీరు. మనం 'ఈ ఆటకి కొత్త ఎడిషన్ కావాలి' అనే సందర్భాల్లో చాలావాటికి నిజంగా కావాల్సింది మంచి ఎడిటరూ, మంచి ఇండెక్సూ.

ఈ విషయంలో నాకు బాగా నచ్చే దారి కాల్ ఆఫ్ కతుల్హూది. శాండీ పీటర్సన్ రాసిన ఈ భయానక పరిశోధనల ఆటని కేయాసియం సంస్థ 1981లో తెచ్చింది. 2014 నాటికి ఏడో ఎడిషన్ వచ్చింది. ఏడు అనగానే చాలా మారిపోయి ఉంటుందనిపిస్తుంది. మొదటి ఆరింటి మధ్య తేడాలు తక్కువే. ఏడోదే కాస్త పెద్ద అడుగు వేసింది. బలం, తెలివి లాంటి లక్షణాలు అంతకుముందు చిన్న అంకెలుగా ఉండేవి, నైపుణ్యాలు మాత్రం శాతాల్లో ఉండేవి. రెండు రకాల లెక్కలు పక్కపక్కనే నడిచేవి. ఏడో ఎడిషన్ లక్షణాలని కూడా శాతాల్లోకి తెచ్చింది. అంటే పాత అంకెని అయిదుతో గుణిస్తే సరి. బలం 13 ఉన్న పాత్రకి ఇప్పుడు 65. అంతే. 1980లలో రాసిన కథని ఇవాళ ఆడించాలంటే గేమ్ మాస్టర్ పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో నాలుగు అంకెలు రాసుకుంటే సరిపోతుంది. పైగా తెలివితో ముడిపడిన ఒక పాచికకి ఆడేవాళ్లు ముందునుంచీ అయిదుతో గుణించే వాడేవాళ్లు, పాత పుస్తకంలోనే ఆ లెక్క ఉంది. ఉన్న అలవాటుని ఆట మొత్తానికీ పరిచారన్నమాట. పాత పుస్తకాల అలమార పనికిరాకుండా పోకుండానే ఆట కొత్తదైంది.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు నిలిచే ఉదాహరణకి రావాలి. 2008లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తవదు. అది చెత్త ఆట అని తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మూడో ఎడిషన్‌లో ఒక గట్టి జబ్బు ఉండేది. పాత్రల స్థాయి పెరిగేకొద్దీ మంత్రగాడు కొండల్ని కదిలిస్తుంటే, కత్తి పట్టినవాడు ఇంకా కత్తే తిప్పుతుండేవాడు. చాలామంది ఎదుర్కొన్న సమస్యే అది. నాలుగో ఎడిషన్ దాన్ని నిజంగానే నయం చేసింది. ప్రతి తరగతి పాత్రకీ ఎప్పుడైనా వాడగలిగేవి కొన్ని, పోరాటానికోసారి వాడేవి కొన్ని, రోజుకోసారి వాడేవి కొన్ని, ఇలా ఒకే చట్రంలో శక్తులిచ్చింది. పోరాటాల్లో అందరికీ సమానంగా పని దొరికింది.

అయినా ఆటగాళ్లలో పెద్ద భాగం ఆ వైపు రాలేదు. సమస్య నిజం, వైద్యం నిజం, మరి ఎక్కడ తేడా వచ్చింది? మంత్రగాడూ, యోధుడూ వేరువేరు తీరుల్లో ఆడే పాత్రలు కావడమే చాలామందికి ఆ ఆటలో ఉన్న రుచి. జబ్బు నయమవ్వాలంటే ఆ రుచి వదులుకోమన్నారు. టేబుల్ దగ్గర నడుస్తున్న ఆటని పుస్తకం అందుకోవడం ఒక పని. పుస్తకం ఇంకో ఆటని తయారుచేసి టేబుల్‌ని రమ్మనడం వేరే పని. దానికి తోడు కథా ప్రపంచం మీద కూడా చెయ్యి పడింది. ఫర్గాటెన్ రెల్మ్స్ అనే ప్రపంచంలో కాలాన్ని సుమారు వందేళ్లు ముందుకు జరిపారు. ఏళ్ల తరబడి ఆ నగరాల్లో, ఆ రాజులతో కథ నడుపుతున్న గుంపులకి ఒక్కసారిగా తాము ఆడుతున్న చోటు అధికారికంగా చరిత్ర అయిపోయింది. రూల్ నచ్చకపోతే హౌస్ రూల్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇకపై వచ్చే పుస్తకాలన్నీ వందేళ్ల తర్వాతి ప్రపంచం గురించే అయితే సరిపెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

2009 ఏప్రిల్‌లో ఆ ఆటని అచ్చువేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ పాత ఎడిషన్లతో సహా తన పీడీఎఫ్‌లన్నిటినీ అమ్మకం నుంచి తీసేసింది. అదే ఏడాది పైజో సంస్థ పాత్‌ఫైండర్‌ని తెచ్చింది. మూడో ఎడిషన్‌ని దిద్ది 2003లో తెచ్చిన 3.5 రూల్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చనే ఓపెన్ లైసెన్సు కింద తీసుకుని, కొంచెం దిద్ది, కొత్త పేరుతో నడిపించిన ఆట అది. పాత పుస్తకాలు వదులుకోవడం ఇష్టం లేనివాళ్లే దానికి మార్కెట్ అయ్యారు. ఒక కంపెనీ తన పాత ఎడిషన్‌తోనే పోటీ పడాల్సి రావడం ఈ రంగంలోనే జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ పాత సరుకు పాడవదు.

నాలుగో ఎడిషన్ నుంచే ఇంకో పాఠం కూడా ఉంది, దాన్ని జనం మర్చిపోతుంటారు. అందులో పోరాటాలు సాగిపోతున్నాయని ఫిర్యాదులు బాగా వచ్చాయి. 2010లో వచ్చిన మూడో మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుల లెక్కల్నే సరిచేశారు, దెబ్బల బలం పెంచారు. ఆట చురుగ్గా మారింది. ఎడిషన్ మార్చలేదు, పాత పుస్తకాలు చెల్లవని చెప్పలేదు. లెక్క తప్పితే లెక్క దిద్దితే చాలని అది చూపించింది.

వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1986 నుంచి శాతాల పాచికలతో నడిచిన ఆట. 2009లో మూడో ఎడిషన్ దాన్ని ప్రత్యేక గుర్తులున్న పాచికలు, కార్డులు నిండిన పెద్ద పెట్టెగా మార్చింది. 2018లో నాలుగోది వచ్చి మళ్లీ శాతాల పాచికల దగ్గరికే చేరింది. మధ్యలోది తెలివైన డిజైనే, కానీ ఆడేవాళ్లు అడిగింది అది కాదు.

ఇక ఇవాళ్టి విషయానికి వద్దాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ 2014లో వచ్చింది. దానికి ముందు 2012 నుంచి ఆటగాళ్లందరి చేతా బహిరంగంగా ఆడించి చూశారు. పదేళ్లు నడిచాక 2024లో దిద్దిన పుస్తకాలు వచ్చాయి. వీటిలో ఒక చిన్న మార్పు నాకు చాలా ఇష్టం. 2014 రూల్ ప్రకారం గాయం మానే మందు తాగితే ఆ వంతులో చేయాల్సిన ప్రధాన పని అయిపోయినట్టే. తోటివాళ్లు పోరాడుతుంటే మీరు సీసా ఎత్తి తాగి కూర్చోవాలి. ఇది విసుగ్గా ఉందని ఎన్నో గుంపులు దాన్ని బోనస్ యాక్షన్ చేసేశాయి, అంటే మందు తాగాక కూడా ఒక దెబ్బ కొట్టొచ్చు. ఎవరూ చెప్పకుండానే చాలాచోట్ల ఇదే హౌస్ రూల్ పుట్టింది. 2024 పుస్తకం దాన్నే అసలు రూల్‌గా రాసుకుంది. టేబుల్ ముందు నడిచింది, పుస్తకం వెనక వచ్చింది.

అదే ఎడిషన్‌లో ఇంకా లోతైన ఎడం ఒకటి ఉంది. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ (గేమ్ మాస్టర్ల కోసం వచ్చిన పుస్తకం) లెక్కలన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి. పాత్రలు రాత్రి పడుకుని లేచి, మళ్లీ పడుకునేలోపు ఆరు నుంచి ఎనిమిది దాకా ఓ మోస్తరు లేదా కష్టమైన పోరాటాలు ఎదుర్కొంటాయని, మధ్యలో రెండుసార్లు ఓ గంట కూర్చుని ఊపిరి పీల్చుకుంటాయని ఆ ఊహ. కానీ మూడు గంటల సెషన్‌లో మాటలు, రహస్యాలు, దారి వెతుకులాట అన్నీ పోగా పోరాటాలు ఒకటో రెండో జరుగుతాయి. కథలో కూడా ఒక రోజుకి అంతకన్నా ఎక్కువ పెడితే అసహజంగా ఉంటుంది. ఫలితం ఏమిటంటే, రోజంతా పొదుపుగా వాడాల్సిన మంత్రాలన్నీ విజర్డ్ ఒక్క పోరాటంలోనే కుమ్మరించేస్తాడు. గంట విరామంలో శక్తి తిరిగి తెచ్చుకునే వార్లాక్, మాంక్ లాంటి పాత్రలు ఆ విరామమే రాక వెనకబడిపోతాయి. మాంక్ బలహీనమైన తరగతి అని పదేళ్ల పాటు సాగిన వాదనలో సగం ఇక్కడి నుంచే పుట్టింది. ఇది ఒక రూల్ తప్పు కాదు కాబట్టి ఒక హౌస్ రూల్‌తో పోదు. పుస్తకం ఊహించిన రోజూ, టేబుల్ దగ్గర గడిచే రోజూ వేరు. కొత్త ఎడిషన్‌కి ఇంతకన్నా న్యాయమైన కారణం నాకు కనిపించదు.

2024 పుస్తకాలు దీన్ని సగం తీర్చాయి. ఆ ఆరు నుంచి ఎనిమిది పోరాటాల సలహాని పక్కన పెట్టాయి. వార్లాక్‌కి రోజుకోసారి ఒక్క నిమిషంలో కొన్ని మంత్రాలు తిరిగి తెచ్చుకునే శక్తినిచ్చాయి. మాంక్‌కి రోజుకోసారి పోరాటం మొదలవుతుండగానే తన శక్తి మొత్తం తిరిగి నింపుకునే వీలు కల్పించాయి. గంట విరామం దొరకని టేబుళ్లలో కూడా ఆ పాత్రలు నిలబడేలా చేశాయి. కింద ఉన్న యంత్రం మాత్రం అదే. చిన్న విరామం, పెద్ద విరామం అన్న విభజన అలాగే ఉంది. పాత సాహసాలు (ఆడించడానికి సిద్ధంగా అచ్చేసిన కథలు) కొత్త రూల్స్‌తో నడవాలన్న షరతు పెట్టుకున్నారు కాబట్టి అంతకన్నా లోతుకి వెళ్లలేకపోయారు. ఆ షరతు సరైనదే అంటాను. దాని వెల మాత్రం ఇదీ.

ఇప్పుడు డబ్బు సంగతి. అది లేదన్నట్టు నటించడం అనవసరం, దాన్ని తిట్టడమూ అనవసరం. అయిదుగురు కూర్చునే టేబుల్‌ని తీసుకోండి. ఆటగాళ్ల పుస్తకం అయిదుగురికీ పనికొస్తుంది. సాహసం పుస్తకం గేమ్ మాస్టర్ ఒక్కరే కొంటారు. ఒక ప్రత్యేక ప్రాంతం గురించో, ఒక రకం పాత్రల గురించో వచ్చే పుస్తకం ఇంకా తక్కువమందికి కావాలి. కాబట్టి మొదటి ఏడాది మూల పుస్తకాలు బాగా పోతాయి, ఆ తర్వాత వచ్చే ప్రతి అనుబంధం అంతకుముందు దానికన్నా చిన్న గుంపుకి అమ్మాల్సి వస్తుంది. ఎక్కువ పుస్తకాలు తేవడంతో ఇది ఆగదు, ఇంకా వేగంగా జారుతుంది. 1990లలో, అప్పట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చువేసే టీఎస్ఆర్ సంస్థ ఒకే ఆటకి అనేక ప్రపంచాలు తెచ్చింది. ఒక ప్రపంచంలో ఆడేవాళ్లు ఇంకోదాని పుస్తకాలు కొనరు, ఆటగాళ్లు ముక్కలుగా విడిపోయారు. ఆ సంస్థ అప్పుల్లో కూరుకుపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1997లో దాన్ని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుక్కుంది. కొత్త ఎడిషన్ అంటే పబ్లిషర్‌కి ఈ జారుడు బండ మీద మళ్లీ పైకెక్కడం. 2000లో మూడో ఎడిషన్ వచ్చి మూడేళ్లు తిరక్కుండానే 3.5 రావడాన్ని ఈ అవసరంతో కలిపి చూడకపోతే అర్థం కాదు, దానిలోని దిద్దుబాట్లు చాలావరకు మంచివే అయినా సరే.

ఇందులో కొత్తవాళ్ల వైపు నుంచి కూడా ఒక న్యాయం ఉంది. పదేళ్లు నడిచిన ఆటకి అలమార నిండా పుస్తకాలు పోగవుతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది తప్పనిసరో, ఏది చెల్లుతుందో బయటివాళ్లకి తెలియదు. కొత్త ఎడిషన్ వాళ్లకి తెరుచుకునే తలుపు. పాతవాళ్లం మనకి అవసరం లేదని అంటున్నప్పుడు ఈ తలుపు గురించి కూడా ఆలోచించాలి. మనతో ఆడేవాళ్లు రేపు అటు నుంచే రావాలి.

అయితే ఆ తలుపు తెరవడానికి ఎడిషన్ మార్చడమొక్కటే మార్గం కాదు. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ 2019లో వచ్చింది. దాని రూల్స్ పబ్లిషర్ అనుమతితోనే ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. రూల్స్ ఉచితం కాబట్టి ఆదాయం సాహసాల నుంచి, అందమైన పుస్తకాల నుంచి రావాలి, వస్తోంది కూడా. గర్ప్స్ అనే ఇంకో ఆట నాలుగో ఎడిషన్ 2004లో వచ్చింది, ఆ తర్వాత ఇరవై ఏళ్లు అదే నడిచింది.

పాత ఎడిషన్లు చావకపోవడానికి చట్టం కూడా తోడుంది. అమెరికా కాపీరైట్ చట్టం ఆట ఆడే పద్ధతిని కాపాడదు, ఆ పద్ధతిని చెప్పిన మాటలనే కాపాడుతుంది. అందుకే 2006లో ఓఎస్ఆర్ఐసీ అనే పుస్తకం మొదటి అడ్వాన్స్‌డ్ ఎడిషన్ రూల్స్‌ని కొత్త మాటల్లో రాసి ఉచితంగా ఇవ్వగలిగింది. 2000 నాటి ఓపెన్ గేమ్ లైసెన్సు దానికి ఇంకో దన్ను. 2023 జనవరిలో ఆ లైసెన్సుని మార్చాలన్న విజార్డ్స్ ప్రయత్నం బయటపడి ఆటగాళ్లు భగ్గుమన్నారు. అదే నెల 27న అయిదో ఎడిషన్ మూల రూల్స్‌ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. అది వెనక్కి తీసుకోలేని లైసెన్సు. ఎన్ని ఎడిషన్లు వచ్చినా ఆ మూలం అందరిదీ. ఆ గొడవ నుంచే పైజో సంస్థ 2023 చివర్లో పాత్‌ఫైండర్ పుస్తకాల్ని రీమాస్టర్ పేరుతో తిరగరాసింది. ధర్మం, అధర్మం అంటూ పాత్రల స్వభావానికి ముద్ర వేసే పద్ధతిని తీసేసింది, పోటీ ఆట నుంచి వచ్చిన రాక్షసుల్ని తప్పించింది, ఆటలోని లెక్కల జోలికి పెద్దగా పోలేదు. లాయర్ల కోసం వచ్చిన ఎడిషన్ అది. ఆట ఆడేవాళ్లకి దానివల్ల నష్టం తక్కువే జరిగింది.

నన్ను నిజంగా ఆందోళన పెట్టేది వేరే ఉంది. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు పాత రూల్ తుప్పు పట్టదని అన్నాను. అది కాగితం విషయంలోనే నిజం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్‌లో పాత్రల్ని తయారుచేయడానికి చందా కట్టి వాడే ఆన్‌లైన్ టూల్ ఉండేది. శక్తుల జాబితాలు అంత పెద్దవి కావడంతో చాలామంది అది లేకుండా పాత్రని తయారుచేసేవాళ్లే కాదు. 2020 మొదట్లో ఆ టూల్స్ మూతపడ్డాయి. పుస్తకాలున్నాయి, ఆడుకోవచ్చు, కానీ ఆ ఆటని జనం ఏ రూపంలో ఆడారో ఆ రూపం పోయింది. 2024 ఆగస్టులో ఆ ఆట అధికారిక ఆన్‌లైన్ వేదిక డీఅండ్‌డీ బియాండ్ ఇంకో మెట్టు ఎక్కబోయింది. ఆటగాళ్లు తమ పాత్రల వివరాలు ఉంచుకునే క్యారెక్టర్ షీట్లలో ఉన్న 2014 మంత్రాలు, మాయావస్తువుల స్థానంలో 2024వి వచ్చి కూర్చుంటాయని, పాతవి కావాలంటే ఎవరికి వారు చేత్తో మళ్లీ ఎక్కించుకోవాలని ప్రకటించింది. డబ్బిచ్చి కొన్న రూల్స్, సగంలో ఉన్న కథ, మధ్యలో మారిపోయే మంత్రాలు! వ్యతిరేకత ఎంత వచ్చిందంటే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. వెనక్కి తగ్గడం మంచిదే. కానీ అసలు అలాంటి మీట ఒకటి ఉందని, అది మన చేతిలో లేదని అప్పుడు తెలిసింది. ఎడిషన్ మారాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పటిదాకా ప్రతి టేబుల్‌కీ విడివిడిగా ఉండేది. పబ్లిషర్ కొత్తది అమ్మొచ్చు, పాతది లాక్కోలేడు. ఈ ఆటల స్వేచ్ఛ మొత్తం ఆ ఒక్క వాస్తవం మీద నిలబడి ఉంది. షీట్ స్క్రీన్ మీదికి మారినప్పుడు దాన్ని కూడా వెంట తెచ్చుకోవాలి. వాడుతున్న రూల్స్ కాపీ ఒకటి కాగితం మీదో, సొంత ఫైల్‌గానో ఉంచుకోవడం ప్రతి గుంపూ చేయాల్సిన పని.

మరి మీ గుంపు కొత్త ఎడిషన్‌కి మారాలా? రివ్యూలు చూసేముందు మీ హౌస్ రూల్స్ కాగితం తీయండి. ఎక్కడా రాసుకోకపోతే ఒక సెషన్ కూర్చుని రాయండి: ఏ రూల్‌ని మార్చి ఆడుతున్నాం, దేన్ని అసలు పట్టించుకోవట్లేదు, ఎక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఆట ఆగి పుస్తకం తిరగేస్తున్నాం. ఆ కాగితాన్ని కొత్త పుస్తకం పక్కన పెట్టి చూడండి. మీరు దిద్దుకున్నవాటిలో సగం దాకా అందులో అసలు రూల్స్‌గా కనిపిస్తే, ఆ ఎడిషన్ మీ టేబుల్ వైపు నడిచి వచ్చినట్టే, మారితే హాయిగా ఉంటుంది. మీ దిద్దుబాట్లు ఒక వైపు, కొత్త పుస్తకం ఇంకో వైపు పోతుంటే మారిన నెలకే మళ్లీ అంతే పొడుగు హౌస్ రూల్స్ కాగితం తయారవుతుంది.

మారాలనుకున్నా నడుస్తున్న క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) మధ్యలో తొందరపడొద్దు. 2014, 2024 పుస్తకాలు కలిసి నడుస్తాయన్న మాట సాహసాల విషయంలో చాలావరకు నిజమే. పాత్రల దగ్గరికొచ్చేసరికి తేడాలు బయటపడతాయి. క్యూర్ వూండ్స్ మంత్రం పాత పుస్తకంలో ఒక ఎనిమిది ముఖాల పాచిక గాయం మాన్పుతుంది, కొత్తదాంట్లో రెండు. ఒకే టేబుల్ మీద ఇద్దరు వైద్యులు చెరో పుస్తకం పట్టుకుని కూర్చుంటే, అదే పేరున్న మంత్రంతో ఒకరు ఇంకొకరికన్నా బాగా ఎక్కువ పని చేస్తుంటారు. పాత పుస్తకం పట్టుకున్నవాళ్లకి అది మొదటి పోరాటంలోనే తెలిసిపోతుంది. కాబట్టి ఒక మంత్రానికి రెండు రూపాలుంటే ఏది చెల్లుతుందో పాచికలు బయటికి తీయకముందే అందరూ కలిసి తేల్చుకుని, షీట్ పైన రాసుకోవాలి.